ఉప్పునీళ్ల సీసా

కట్టెలు తడిసి ఉన్నాయి, పొయ్యి అంటుకోనంటోంది. ఊదుగొట్టం కోసం గోడ వారగా చెయ్యి పెట్టి తడిమి, అది అక్కడ లేదనీ, ఈ ఇంట్లో ఏదీ ఉన్నచోట లేదనీ గుర్తొచ్చి, సాలవ్వ వంగి నోటితోనే ఊదింది. పొగ లేచింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఈ నీళ్లు పొగవే, ఎవరైనా చూస్తే చూడనీ, చూడవలసిన రోజున చూడలేదు గదా ఎవరూ. వెనక, గడప అవతల, పిల్ల కూర్చుని ఉంది. ఇందాక పెద్దబాపు లస్మయ్య చెయ్యి వదిలిపెట్టిన చోటే, మోకాళ్లు రెండు చేతులతో చుట్టుకుని, లోపలికి రాకుండా, దూరంగానూ పోకుండా. కన్నబిడ్డ నర్సవ్వకు పోయిన వానాకాలంలో నడుము దాకా జడ ఉండేది. ఇప్పుడు మెడ దగ్గరికి కోసేసి ఉంది, పేలు పడ్డాయని పెద్దవ్వ, లస్మయ్య పెండ్లాం భూదవ్వ కోసి ఉంటుంది, దువ్వే ఓపిక లేని చేతులు కోస్తాయి. పిలవాలా, పిలవకూడదా. పిలిస్తే రాకపోతే ఏం చెయ్యాలి. పిలవనంతసేపూ, రానన్న మాట ఇంకా పిల్ల నోట పుట్టలేదు గదా. ఎసరు కాగనీ. గట్క ఉడకనీ. జొన్న నూక ఉడికే వాసనకు ఆకలైన పిల్ల రాక ఎక్కడికి పోతుంది.

ఇత్తడి గంజు. ఇదే గంజు. పొద్దున కామారెడ్డి అదాలతు వరండాలో గుమస్తా దాన్ని గోనెసంచిలోంచి తీసి, ఇదిగో నీ సామాను అని నేలమీద పెట్టాడు, చేతికివ్వలేదు. అంచున లక్క ముద్ర ఎర్రగా ఇంకా అంటుకునే ఉంది. ఇంటికొచ్చి బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, గోటితో గీకింది, పొట్టు పొట్టుగా రాలుతుందే గాని మచ్చ పోలేదు. మొగుడు హన్మంతుకు ఆఖరుసారి అంబలి కాచింది ఇందులోనే, అందుకని దీన్ని కూడా పట్టుకుపోయారు, దీని అడుగు గీకి ఆ గీకిన పొక్కును పొట్లం కట్టి పట్నం పంపారు. పోయిన వానలు వెళ్లి, చలి వెళ్లి, ఎండలు వెళ్లి, మళ్లీ మిరుగం కార్తె వచ్చిందాకా ఇది ఒక బీరువాలో ఉంది, తాను ఒక జైల్లో ఉంది. ఆఖరుకు దీని గురించీ తన గురించీ చదివిన మాట ఒక్కటే: ఇందులో ఏమీ దొరకలేదు. గంజుకు ఆ మాట చాలు. తోమితే అది మళ్లీ గంజే. మనిషి సంగతి ఏమిటి. మనిషిని దేనితో తోమాలి.

హన్మంతు బండి కట్టేవాడు. పత్తి బస్తాలు, జొన్నలు, పెళ్లివారి సామాన్లు, ఏదైతే అది. ఆసారి బిచ్కుంద దాకా పోయాడు, అక్కడ వాంతి బేదుల గత్తర తగిలి మనుషులు పోతున్నారని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు, అయినా పోయాడు, చెప్తే వినే మనిషైతే గదా. తిరిగొచ్చింది పొద్దుపొద్దున్నే. ఇన్ని దినాలు ఏడ పోయినవని ఆమె అడిగింది, అతను చెంబు విసిరి కొట్టాడు, అది గోడకు తగిలి దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది, ఎదురింటి ఎంకయ్య అది చూశాడు. నిజమే చూశాడు. అదాలతులో అదే చెప్పాడు, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. ఆ తర్వాత హన్మంతు కడుపు పట్టుకుని కూర్చున్నాడు. అంబలి కాచి ఇచ్చింది, రెండు గుక్కలు మింగాడు, కక్కాడు. ఇక ఆగలేదు. బియ్యం కడిగిన నీళ్లలాగా పైనుంచి, కిందినుంచి, మనిషి చూస్తుండగానే పీక్కుపోయి కళ్లు గుంటలు పడ్డాయి, వేళ్ల చర్మం నానిన బట్టలాగా ముడుతలు పడింది, గొంతు పోయి గాలి మిగిలింది. చెంబు విసిరిన చెయ్యి ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. మంచివాడా అంటే ఏం చెప్పాలి. కొట్టిన రోజులున్నాయి. సంత నుంచి వచ్చేటప్పుడు తల్లీబిడ్డలకు తలా ఒక పూవు తెచ్చిన రోజులూ ఉన్నాయి. కొట్టిన రోజుల లెక్క అదాలతు అడిగింది, పూల సంగతి అడగలేదు.

అలుకు, అన్నాడు. అదే ఆఖరు మాట. ముందు అర్థం కాలేదు, నోటి దగ్గర చెవి పెట్టింది. "అలుకు సాలూ. మంది వస్తరు." చచ్చే మనిషికి సిగ్గేసింది. తన కక్కు, తన మలం మధ్య పడి ఉంటే నలుగురూ వచ్చి ముక్కు మూసుకుంటారని సిగ్గేసింది. అతని ఊపిరి పోయిందో ఉందో కూడా చూసుకోకుండా ఆమె నీళ్లు తెచ్చింది, పేడ తెచ్చింది, మొగుడి చుట్టూ నేలంతా కడిగి అలికింది, ఆయన ముఖం తుడిచింది, పంచె మార్చింది, అప్పుడు చూస్తే మనిషి లేడు. ఏడుపు రాలేదు. చేతుల నిండా పేడ, చేతులు కడుక్కుని ఏడుద్దామనుకుంది, నవ్వొస్తుంది తలచుకుంటే, నిజంగా అట్లానే అనుకుంది. చేతులు కడుక్కునేలోపే చేను దగ్గర నుంచి బావ లస్మయ్య వచ్చాడు. తమ్ముణ్ని చూశాడు. తడి ఆరని నేలను చూశాడు. ఆమె ముఖం చూశాడు.

"అలికినవా?" అన్నాడు.

"అలికిన."

ఆ ఒక్క మాటలోనే అంతా అయిపోయింది, తరువాత జరిగినదంతా ఆ మాటకు పుట్టిన పిల్లలు. కక్కంతా కడిగేసి అలికింది, నిజం. అంతకుముందు కొట్లాడారు, నిజం. మొగుడు చస్తే ఏడవలేదు, నిజం. ఇంట్లో అందరూ తాగిన నీళ్లే తాగి అతనొక్కడే చచ్చాడు, నిజం. తమ ఎల్లారెడ్డిలో ఆ వారం ఇంకెవరికీ గత్తర లేదు, అదీ నిజం. అదాలతులో ఒక్క సాక్షి కూడా అబద్ధం చెప్పలేదు. వరసగా వచ్చి తలా ఒక నిజం పీచు తీసి ఇచ్చారు, తాడు దానంతట అదే పేనుకుంది. అబద్ధం చెప్పి ఉంటే మట్టి ఎత్తిపోసి తిట్టేది, ఎవరినని తిట్టాలి. పొయ్యి అంటుకుంది. చిన్న మంట, నీలంగా, కట్టె చివర నుంచి నురగ కక్కుతూ.

దవాఖాన వెనక రేకుల చూరు కింద శవాన్ని కోశారు. జవాను పక్కన నిలబడితే ఆమె బయట రాయి మీద కూర్చుంది, లోపల గిన్నెల చప్పుడు, వంటింట్లో చప్పుడు లాగానే ఉంది, అది వింటూ కూర్చుంది. తర్వాత వెడల్పు మూతి గాజు సీసాలు బయటికి తెచ్చారు, బిరడాల మీద బట్ట కట్టి లక్క పోసి ముద్ర వేశారు. ఒకదాంట్లో కడుపు, పేగు. ఒకదాంట్లో కార్జం ముక్క. ఇంకొక సీసాలో ఏమీ లేదు, ఉట్టి నీళ్లు. దానికీ మూత, దానికీ ముద్ర, దానికీ చీటీ. అదేమిటో ఆనాడు అర్థం కాలేదు. చాలా దినాలకు, కామారెడ్డి హవాలాతులో కటకటాల అవతల నిలబడి, జవాను యాకూబు చెప్పాడు, ఆ సీసాల పెట్టె మోసుకుని రైల్లో పట్నం పోయింది అతనే.

"అవి ఉప్పునీళ్లు, అవ్వా. లోపల ముక్కలు కుళ్లకుండ ఉప్పునీళ్లల్ల ఏస్తరు. రేపు ఇసం ఎల్లిందనుకో, అది నీళ్లల్లదే అని ఏ వకీలన్న అంటడు. అనకుండ, అవే నీళ్లు ఒక సీసల ఇడిగా పంపుతరు. గా నీళ్లు సాఫున్నయని సబూతు."

ఉప్పునీళ్లకు కూడా ఒక సాక్షి ఉంది. ఆ మాట ఆమెలో దిగబడిపోయింది, ఎన్నిసార్లు పీకినా రాలేదు. ఉప్పునీళ్ల మీద రేపు ఎవరైనా నింద వేస్తారేమోనని ముందే తలచుకుని, వాటి తరఫున ఒక సీసా కట్టి, ముద్ర వేసి, రైలెక్కించి పంపించే బుద్ధిమంతులు లోకంలో ఉన్నారు. ఆమె తరఫున ఒక్కరు రాలేదు. అన్నదమ్ములు లేరు, తల్లి ఎప్పుడో పోయింది, వాడకట్టు ఆడవాళ్లు ఆమె చేతి పులుసు గిన్నెలతో పట్టుకుపోయి తిన్నవాళ్లే, ఆ మాట చెప్పడానికైనా రాలేదు. యాకూబు మంచివాడు. ఆమె ముఖం చూసి మాట మార్చాలనుకున్నాడో ఏమో, రైలు ముచ్చట చెప్పాడు. పెట్టె కింద పెడితే ఎవరైనా తన్నుతారని ఒళ్లో పెట్టుకున్నాడట. ఎదురు బెంచీ మీద ఒక ముసలాయన సందుల్లోంచి సీసా చూసి, ఏం తొక్కు బిడ్డా, మామిడికాయదా అని అడిగాడట. "సర్కారు తొక్కు తాతా, మూత దీస్తే ఉద్యోగం పోతది అన్న." ఆమె నవ్వింది. హన్మంతు పోయాక అదే మొదటి నవ్వు, నోరు తెరిచి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఉండగా లోపల ఏదో తెగి ఏడుపు వచ్చింది, గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చింది, చేతులకు పేడ లేదు అప్పుడు. చూసిన సాక్షి యాకూబు ఒక్కడే. అతణ్ని ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఎసరు మసిలింది. గుప్పెడు గుప్పెడుగా నూక పోసి తెడ్డుతో కలిపింది. కలపకపోతే ఉండలు కడుతుంది. పిల్ల తల తిప్పి చూసింది, తను చూడగానే మళ్లీ వాకిలి వైపు తిప్పుకుంది. వాకిట్లో గన్నేరు చెట్టు లేదు. మొదలు నరికేసి ఉంది, గొడ్డలి వాట్లు పాతబడ్డాయి, ఎప్పుడో నరికారు. ఆ చెట్టు పూలు కోసి దేవుని పటానికి పెట్టేది. దాని కాయలో చావుందని ఆమెకు తెలియదు, చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే మరిచిపోయింది, సర్కారు పిలిచి చెప్పింది. నీ వాకిట్లో గన్నేరు ఉందా లేదా. ఉంది. ఇంకో నిజం.

ఎన్ని నేర్పారు తనకు. డాక్టరు ఉర్దూలో చెప్తుంటే, అదాలతు వారే పెట్టిన సీతారాం వకీలు వంగి తెలుగులో చెవిలో చెప్పేవాడు, తాంబూలం వాసన, గుసగుసలు, పాఠం చెప్పినట్టు. శంఖపాషాణం అయితే గొంతులో మంట, కడుపులో మంట, ఇంతసేపటికి మొదలు, ఇంతసేపటికి చావు. నాభి వేరు అయితే ముందు నాలుక మొద్దుబారుతుంది. ఉమ్మెత్త అయితే లేనివాళ్లతో మాట్లాడతారు. గన్నేరైతే గుండె అడుగు తప్పుతుంది. ఎంత మోతాదు, ఎంత సమయం, దేంట్లో కలిపితే రుచి తెలియదు. చదువు రాని ఆడది, బడి గడప తొక్కనిది, మనిషిని చంపడానికి ఎన్ని దార్లున్నాయో ఊళ్లో అందరికంటే ఎక్కువ ఇప్పుడు ఆమెకే తెలుసు. వకీలు మాత్రం తెలివైనవాడు, ఒక్కటే ప్రశ్న పట్టుకున్నాడు. గత్తర వాంతికీ పాషాణం వాంతికీ కంటితో చూస్తే తేడా తెలుస్తుందా డాక్టరు సాబ్? తెలియదు. పోనీ, కోసి చూస్తే? నికరంగా చెప్పలేము. మరి ఎట్లా తెలుస్తుంది? పట్నంలో పరీక్ష చేస్తేనే. అయితే పట్నం కాగితం రావాలి. కాగితం రావాలి, ఈ పేషీకి రాలేదు. వచ్చే పేషీకి రాలేదు. జర్మనోళ్ల లడాయి మొదలైందన్నారు, దానికీ దీనికీ ఏం సంబంధమో, ఏదడిగినా లడాయి అనేవారు.

సీసాలు పరీక్ష చేసే ఆ పట్నం ఆయన ఎట్లా ఉంటాడో. జైల్లో పడుకుని ఎప్పుడూ ఆయన గురించే అనుకునేది, మొగుడి గురించి కూడా అంతగా అనుకోలేదు. ఆమెను ఒక్క ప్రశ్న అడగని మనిషి లోకంలో ఆయనొక్కడే. కొట్లాడినవా అనడు, అలికినవా అనడు, ఏడ్చినవా అనడు. సీసా మూత తీసి, హన్మంతు కడుపును కోసి, నూరి, కాచి, వడగట్టి, చుక్క వేసి రంగు చూసి, ఉందా లేదా అని దాన్నే అడుగుతాడు. ఆయన్ను దేవుడనుకున్న రోజులున్నాయి. ఆయన బల్ల మీద ఇంకెన్ని ఊళ్ల సీసాలు వరసలో ఉన్నాయో, తన సీసాకు ముందు ఎవరి మొగుళ్లు, ఎవరి కోడళ్లు ఉన్నారో, ఆయనకేం తొందర, ఇక్కడ బిడ్డ జుట్టు కోస్తున్నారని ఆయనకు ఎవరు చెప్తారు అని పళ్లు కొరికిన రోజులున్నాయి. మొన్న కాగితం వచ్చింది. ఇవాళ చదివారు. పాషాణం లేదు. ఫలానాది లేదు, ఫలానాది లేదు. ఉప్పునీళ్లు సాఫు. గంజు సాఫు. ఆమె చేతులు జోడించి ఇంకా నిలబడే ఉంది, ఇంకేదో చదువుతారని. మరి ఏముందట అని వకీలు చెవిలో అడిగింది. గత్తర అని రాశారా? సీతారాం తల అడ్డంగా ఊపాడు. గత్తర పురుగు ఇన్ని దినాలకు దొరకదట, అది ఆయన పని కూడా కాదట. ఏది లేదో చెప్పే కాగితమే అది, ఏదుందో చెప్పదు. సర్కారు తరఫు వకీలు లేచి, కొన్ని ఆకుపసర్లు ఒంట్లోనే కరిగిపోతాయి హుజూర్, దొరకలేదంటే పెట్టలేదని కాదు అన్నాడు. మున్సిఫు ఆ మాట ఒప్పుకోలేదు, విడిచిపెట్టాడు. మున్సిఫు ఒప్పుకోకపోతే ఏం. ఆ మాటకు రెక్కలున్నాయి. ఆమె ఎక్కిన బస్సు కంటే ముందు అది ఊరు చేరింది. కాదు, బస్సులోనే ఉంది.

పక్క సీట్లో లింగంపేటలో దిగాల్సిన ఒక ఆడమనిషి, పెద్దబొట్టు, నోటినిండా మాటలు, బిడ్డ పురిటికి పోతోంది. మూట విప్పి, తినవే అక్కా ఎప్పుడు తిన్నవో ఏమో, ముఖం పీక్కపోయింది అని రొట్టె తుంచి ఇచ్చింది, ఉల్లికారం పెట్టి. జైలు కూడు తిన్న నాలుకకు ఆ కారం తగిలి కళ్లు చెమ్మగిల్లాయి. ఊరికే తింటే ఏం బాగుంటుందని, నర్సవ్వ కోసం కామారెడ్డి బజారులో కొన్న పుట్నాల పొట్లం విప్పి సాలవ్వ కూడా పెట్టింది. ఆ మనిషి తీసుకుంది. నోట్లో వేసుకుని నమిలింది. ఎంత మామూలుగా నమిలిందో. సాలవ్వ ఆ దవడలు చూస్తూ కూర్చుంది, తన చేతిది ఒక మనిషి తింటోంది, తింటూ మాట్లాడుతోంది.

"ఎల్లారెడ్డామె ముచ్చట ఇన్నవా? మొగనికి మందు వెట్టిందట. పట్నం డాక్టర్లకే దొరకలేదట, అసుంటి మందట."

"పెట్టలేదేమో. అందుకే దొరకలేదేమో."

"పెట్టకుంటే గన్ని దినాలు సర్కారు జైల్ల ఎందుకు వెడ్తది? ఇంతకు నీది ఏ ఊరు?"

"ఎల్లారెడ్డే."

"అయ్యో, గట్లనా. మరి ఆమె ఎరుకేనా నీకు? ఎట్లుంటది మనిషి?"

"నా తీర్గనే ఉంటది."

ఎందుకన్నది ఆ మాట. అనకపోతే లింగంపేట దాకా స్నేహంగా పోయేది. ఆ మనిషి నవ్వబోయి, ఒళ్లో గంజు చూసింది, అంచున లక్క ముద్ర చూసింది, దవడలు ఆగాయి. అరవలేదు, తిట్టలేదు, అదే మర్యాద. చేతిలో మిగిలిన పుట్నాలు కొంగున ముడివేసుకుంది, తర్వాత తింటానన్నట్టు. నోట్లోవి మింగిందో లేదో. లింగంపేటలో దిగి, బస్సు అవతలికి పోయి, ముడి విప్పి దులిపింది. కిటికీలోంచి సాలవ్వ చూసింది. గింజలకు ఒక కోడి పరుగెత్తుకొచ్చింది. ఆ మనిషి కాలితో దాన్ని అదిలించింది, కోడికి కూడా ముట్టనివ్వలేదు.

ఊళ్లో దిగి తలుపు తెరిస్తే ఎలుకల కంపు. బావిదగ్గర ఆడవాళ్లు ఆమె చేదుకుని పోయిందాకా దూరంగా నిలబడ్డారు. పొద్దు వాలుతుంటే వాకిట్లో దగ్గు వినపడింది. లస్మయ్య. పిల్ల చెయ్యి పట్టుకుని. ముసలివాడైపోయాడు ఈ యేడాదిలో, దవడలు లోపలికి పోయాయి.

"బిడ్డను తోల్కచ్చిన. సర్కారే ఇడిసిపెట్టినంక మేమెవ్వరం."

"కూసో బావా. మంచినీళ్లు తాగిపో."

"ఇంటికాడ తాగే వచ్చిన." పెదాలు పొక్కులు లేచి ఎండి ఉన్నాయి. చేను నుంచే వచ్చాడు, కాళ్లకు బురద తడిగా ఉంది. ఆ బురద చూసుకుని, "మిరుగం పడ్డది గద, మీ చెల్కల గుడ ఇత్తనం నేనే ఏసిన. ఆ సంగతి మల్ల మాట్లాడుకుందాం," అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. అతను నమ్మాడా, నమ్మినట్టు చేశాడా. ఆనాడు తమ్ముడి శవం మీద పడి ఏడ్చిన ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఆమెకు తెలుసు. నిజంగానే నమ్మి ఉంటాడు. నమ్మకం వల్ల చెలక కూడా కలిసొచ్చింది, కలిసొచ్చిన నమ్మకాన్ని ఎవరు వదులుకుంటారు. భూమి దున్నుకో బావా అని నోటిదాకా వచ్చింది, దున్నుకో, తిను, ఒక్క చెంబు నీళ్లు నా చేత్తో తాగి పో, చాలు. అనలేదు. అతను పిల్ల చెయ్యి వదిలి, ఆ తడి నేల మీద తన అడుగులే చూసుకుంటూ వెళ్లిపోయాడు.

గట్క కుతకుతమంటోంది. తెడ్డు ఎత్తి చూస్తే ముద్ద జారడం లేదు, ఉడికింది. మంట తీసేసింది. సత్తు తలె కడిగి, మళ్లీ కడిగి, పిల్ల చూసేటట్టు వాకిలి వైపు తిరిగి ఇంకోసారి కడిగింది. ఇట్లా కడగడం చూస్తే అనుమానం పెరుగుతుందా, తగ్గుతుందా. కన్నబిడ్డ ముందు కూడా అదాలతులో నిలబడ్డట్టే ఉంది. వేడి వేడి గట్క వేసి, ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డ నలిపి పెట్టి, గడప మీద ఉంచి, వెనక్కి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. పిలవలేదు. గంజులోంచి తెడ్డుతో తీసి తాను తిన్నది, నోరు కాలింది, మింగింది. పిల్ల ఆమె గొంతు వైపే చూసింది, ముద్ద దిగేదాకా. తర్వాత తలె వైపు చూసింది. ఆవిరి పిల్ల ముఖానికి తగులుతోంది. ఆ చిన్న గొంతు కూడా ఒకసారి గుటక వేసింది, ఏమీ తినకుండానే. సాలవ్వ కళ్లు దించుకుంది. చూస్తే తినదేమో. పొయ్యిలో బూడిద కెలుకుతూ, వినడమే, చెవులతో వినడమే. ఎంకయ్య ఇంటి దగ్గర మేక అరిచింది. అప్పుడు తలె గడప రాయి మీద గీసుకున్న చప్పుడు.

పిల్ల తింటోంది. వేళ్లు కాలుతున్నా ఊదకుండా, ఊపిరి పీల్చకుండా, రెండు చేతులతో. తలె నాకింది. సాలవ్వ గంజు తీసుకుపోయి ఇంకా వేసింది, అదీ తిన్నది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి చొక్కా చిరుగుల్లోంచి, లెక్కపెట్టవచ్చు, ఎంత పని చేయించుకుని ఎంత పెట్టిందో భూదవ్వ. మూడోసారి వెయ్యబోతే తల ఊపింది.

"పెద్దవ్వ ఏమన్న చెప్పిందా బిడ్డా?" అడగకూడదనుకుంటూనే అడిగింది.

"నీ చేతిది తింటే బాపు తీర్గ సచ్చిపోతనని చెప్పింది."

"మరి తింటివి గద."

"ఆకలైంది."

అంతే అని, పిల్ల లేచి చేతులు కడుక్కుంది, గడప దాటి లోపలికి వచ్చింది. గోడ పక్కన, బాపు పడుకున్న చోటే, చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి, చేతులు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుంది. అప్పుడు ఎవరో అతణ్ని సర్ది పడుకోబెట్టినట్టే. చూసి ఉంటుంది. అన్నీ చూసింది.

"అవ్వా."

"ఆఁ."

"ఎంతసేపటికి వస్తది?"

"ఏంది?"

"సావు."

సాలవ్వ నోరు తెరిచింది. పాషాణానికి ఎంతసేపు, నాభికి ఎంతసేపు, గన్నేరుకు ఎంతసేపు, అన్నీ తెలుసు, వకీలు చెవిలో ఊదిన గంటలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. జొన్న గట్కకు ఎంతసేపో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయి పిల్ల పక్కన కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసింది. నిండుగా, డప్పులాగా బిగువుగా ఉంది, వేడిగా ఉంది, లేస్తోంది, దిగుతోంది. దుప్పటి కప్పింది.

"పండుకో. పొద్దుగాల నేనే లేపుత."

నిద్రపోయిందనుకుంది సాలవ్వ.

"లేస్తే," అన్నది పిల్ల, కళ్లు తెరవకుండానే, "తిన్ననని పెద్దవ్వకు చెప్పకు."